ఉప్పునీటి అక్వేరియంలో యూవీ దీపం: ఎక్కడ గెలుస్తుంది, ఎక్కడ ఓడుతుంది

ఉప్పునీటి అక్వేరియం పెట్టినవాళ్లలో తెల్లమచ్చ చూడనివాళ్లు అరుదు. కొత్తగా తెచ్చిన పౌడర్ బ్లూ టాంగ్ చేప నాలుగు రోజులు హాయిగా తిరుగుతుంది. తర్వాత రాళ్లకు ఒళ్లు రుద్దుకోవడం మొదలుపెడుతుంది, పంపు దగ్గర నిలబడి ఆయాసపడుతుంది. ఒకరోజు పొద్దున్న చూస్తే ఒంటి మీదా రెక్కల మీదా సన్నటి తెల్ల చుక్కలు. షాపుకు ఫోన్ చేస్తే చాలాసార్లు వచ్చే మొదటి సలహా, "ముందు ఒక యూవీ పెట్టండి" అని.

ఈ సలహా మీద అక్వేరియం లోకం దశాబ్దాలుగా రెండుగా చీలి ఉంది. యూవీ పెట్టాకే చేపలు బతికాయని ఒక వర్గం అంటుంది. అది డబ్బు దండగ, పరాన్నజీవి మీద దాని ప్రభావం శూన్యమని రెండో వర్గం అంటుంది. ఇద్దరి దగ్గరా అనుభవాలున్నాయి, ఇద్దరి దగ్గరా అంకెలున్నాయి. పరిశోధనలను పక్కపక్కన పెట్టి చదివితే అర్థమయ్యేది వేరు. యూవీ స్టెరిలైజర్‌కు అప్పగించే పనులు మూడు. బయటి నుంచి వచ్చే నీటిని శుద్ధి చేయడం మొదటిది. ఒక ట్యాంకులోని రోగం ఇంకో ట్యాంకుకు పోకుండా ఆపడం రెండోది. ఒకే ట్యాంకులో ఇప్పటికే ఉన్న రోగాన్ని తగ్గించడం మూడోది. మొదటి రెండింటిలో సాక్ష్యం బలంగా ఉంది. మనలో ఎక్కువమంది కొనేది మాత్రం మూడో పని కోసం. సాక్ష్యం బలహీనంగా ఉన్నదీ అక్కడే.

దీపం చేసే పని

స్టెరిలైజర్‌లో ఉండేది తక్కువ పీడనపు పాదరస దీపం. దాని అతినీలలోహిత కాంతిలో అధికభాగం 253.7 నానోమీటర్ల దగ్గర వస్తుంది. జీవకణంలోని డీఎన్ఏ కాంతిని గట్టిగా పీల్చుకునే 260 నానోమీటర్ల ప్రాంతానికి ఇది చాలా దగ్గర. ఆ దెబ్బకు డీఎన్ఏలో పక్కపక్కన ఉన్న థైమిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కణం తన ప్రతిని తాను తయారు చేసుకోలేదు. సూర్యకాంతి బ్యాక్టీరియాను చంపుతుందని ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ 1877లోనే చూపించారు. 1910లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో తాగునీటిని ఈ దీపాలతో శుద్ధి చేశారు. మన ఇళ్లలో వంటగది గోడకు వేలాడే వాటర్ ప్యూరిఫయర్‌లో ఉన్నదీ అదే సూత్రం.

దీపం దెబ్బను మోతాదులో కొలుస్తారు. కాంతి తీవ్రతను, నీరు ఆ కాంతిలో ఉన్న సమయంతో గుణిస్తే వచ్చేదే మోతాదు. చదరపు సెంటీమీటరుకు మిల్లీజౌళ్లలో చెబుతారు. పెట్టెల మీద కొన్నిసార్లు మైక్రోవాట్ సెకన్లలో రాస్తారు; అలాంటి వెయ్యి కలిస్తే ఒక మిల్లీజౌల్. మంచి తాగునీటి పరికరాలకు అమెరికాలో పెట్టిన ప్రమాణం 40 మిల్లీజౌళ్లు. నీటిలో తేలే మామూలు బ్యాక్టీరియాలో చాలావాటికి అందులో పావు వంతు సరిపోతుంది.

పరాన్నజీవుల దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క మారిపోతుంది. మంచినీటి తెల్లమచ్చకు కారణమైన ఇక్తియోఫ్తీరియస్ మల్టీఫీలిస్ మీద అమెరికాలో గ్రాట్జెక్ బృందం 1983లో ప్రచురించిన ప్రయోగంలో మోతాదు సుమారు 92 మిల్లీజౌళ్లు. ఉప్పునీటి వెల్వెట్ రోగపు ఆమిలూడినియం ఈదే దశకు సుమారు 105 అని తరచూ ఉదహరిస్తారు. ఉప్పునీటి తెల్లమచ్చ క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్‌కు చెప్పే అంకె 280. అంటే తాగునీటి ప్రమాణానికి ఏడు రెట్లు.

ఇంత తేడా ఎందుకో ఆలోచిస్తే అర్థమవుతుంది. బ్యాక్టీరియా విభజన చెందకుండా ఆపితే చాలు, పని అయిపోయినట్టే. పరాన్నజీవి శిశువు ఆ రోజే విభజన చెందనక్కర్లేదు. కొన్ని గంటలు ఈది, చేపను చేరి, చర్మంలోకి దూరితే దాని పని పూర్తి. డీఎన్ఏకు దెబ్బ తగిలినా ఈదే ఓపిక మిగిలితే అది చేపను బాధపెట్టగలదు. పైగా క్రిప్టోకారియాన్ లాంటి జీవుల పెద్ద కేంద్రకంలో జన్యువులకు ఎన్నో నకళ్లుంటాయి. కొన్ని చెడినా మిగతావి పని చేస్తాయి. అందుకే దాన్ని కదలకుండా చేయాలంటే చాలా ఎక్కువ కాంతి కావాలి.

పురుగు జీవితంలో నాలుగు మజిలీలు

ఉప్పునీటి తెల్లమచ్చ తెచ్చే ఈ జీవిని జపాన్‌లో సికామా 1937లో వర్ణించాడు. క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే పేరు 1951లో బ్రౌన్ పెట్టింది. దీని జీవితచక్రం తెలియకుండా యూవీ గురించి మాట్లాడడం వృథా.

చేప చర్మం కింద, మొప్పల్లో తిని బలిసే దశ పేరు ట్రోఫాంట్. మనకు కనిపించే తెల్ల చుక్క అదే. మూడు నుంచి ఏడు రోజులు అక్కడ ఉండి రాలిపోతుంది. కొన్ని గంటలు అడుగున పాకి ఇసుకకో రాయికో అంటుకుని గట్టి గుల్ల కట్టుకుంటుంది. అప్పుడు దాని పేరు టోమాంట్. గుల్ల లోపల విభజన జరిగి దాదాపు 200 దాకా పిల్లలు తయారవుతాయి. గుల్ల పగలడానికి కనీసం మూడు రోజులు పడుతుంది. కొన్ని గుల్లలు నాలుగు వారాలు ఆగుతాయి, 72 రోజులు ఆగిన దాఖలాలూ ఉన్నాయి. బయటికొచ్చి ఈదే పిల్ల పేరు థెరాంట్. దాని సైజు 25 నుంచి 60 మైక్రాన్లు. ఒకటి రెండు రోజులు బతకగలిగినా చేపను పట్టే సత్తా మొదటి ఆరు నుంచి ఎనిమిది గంటల తర్వాత బాగా పడిపోతుంది.

ఈ నాలుగు మజిలీల్లో పంపు ద్వారా స్టెరిలైజర్‌లోకి వెళ్లేది థెరాంట్ ఒక్కటే. చేప ఒంట్లో ఉన్నది నీటితో పాటు రాదు. అడుగున పాకేదీ, రాయికి అంటుకున్నదీ రావు. ఏ క్షణంలో చూసినా ట్యాంకులోని పరాన్నజీవుల్లో చాలా భాగం దీపానికి అందని చోటే ఉంటాయి. ఊరి పొలిమేరలో చెక్‌పోస్టు పెడితే వచ్చేపోయేవాళ్లను పట్టుకోవచ్చు గానీ ఊళ్లోనే కాపురం పెట్టినవాణ్ణి పట్టుకోలేం.

రెండు పరిశోధనలు, రెండు జవాబులు

యూవీని సమర్థించేవాళ్లు గ్రాట్జెక్ 1983 ప్రయోగాన్ని చూపిస్తారు. అందులో ఒకే నీరు తిరిగే అక్వేరియంల మధ్య యూవీ దీపం పెట్టారు. రోగమున్న ట్యాంకు నుంచి వచ్చే నీరు దీపం దాటాకే ఆరోగ్యంగా ఉన్న చేపల ట్యాంకుకు చేరేది. తెల్లమచ్చ అటువైపు పాకలేదు. ఇది పక్కా ఫలితం. అయితే రెండు విషయాలు గమనించాలి. ఒకటి, అది మంచినీటి పరాన్నజీవి. రెండు, ఆ ప్రయోగం చూపింది ట్యాంకుకూ ట్యాంకుకూ మధ్య సంక్రమణ ఆగిందని. రోగం పుట్టిన ట్యాంకులోనే అది నయమైందని కాదు.

వ్యతిరేకించేవాళ్లు అంతకు రెండేళ్ల ముందు, 1981లో స్పాట్, ఆడమ్స్ రాసిన వ్యాసాన్ని చూపిస్తారు. మూసి ఉన్న వ్యవస్థల్లో యూవీ రోగకారకాలను తగ్గిస్తుందన్నది నిజమా, భ్రమా అని వాళ్లు సూటిగా అడిగారు. దీపం నుంచి బయటికొచ్చే నీటిలో సూక్ష్మజీవులు దాదాపు లేకపోవచ్చు. ఆ నీరు మళ్లీ అదే ట్యాంకులో కలుస్తుంది. దీపం చంపే వేగాన్ని ట్యాంకులో రోగకారకాలు పుట్టే వేగం మించితే మొత్తం సంఖ్య తగ్గదు. గొట్టం చివర కొలిచిన శుభ్రతను ట్యాంకు శుభ్రతగా పొరబడకూడదన్నది వాళ్ల వాదన.

ఈ రెంటికీ వైరుధ్యం లేదు. నీరు ఒకేసారి దీపం దాటి వేరే చోటికి పోయే ఏర్పాటు మీద ఒకటి మాట్లాడింది. అదే నీరు తిరిగి తిరిగి వచ్చే ఏర్పాటు మీద రెండోది మాట్లాడింది. వాదించేవాళ్లు ఈ తేడాను వదిలేసి అంకెలను మాత్రమే విసురుకున్నారు.

ఒక్క ట్యాంకులో లెక్క

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 400 లీటర్ల ట్యాంకు. గంటకు 1600 లీటర్లు పంపినప్పుడు 45 మిల్లీజౌళ్లు ఇచ్చే స్టెరిలైజర్. నీటి వేగం తగ్గిస్తే మోతాదు దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది: గంటకు 800 లీటర్ల దగ్గర 90, 400 దగ్గర 180. క్రిప్టోకారియాన్‌కు చెప్పే 280 దాటాలంటే ప్రవాహాన్ని 250 లీటర్లకు దించాలి.

మోతాదు దొరికింది గానీ ఇంకో చిక్కు వచ్చింది. ట్యాంకులోని నీళ్లన్నీ వరసలో నిలబడి దీపం దగ్గరికి వెళ్లవు. వెళ్లినవీ వెళ్లనివీ కలిసిపోతుంటాయి. ట్యాంకు పరిమాణమంత నీరు ఒకసారి దీపం దాటినా అసలు నీటిలో 63 శాతమే నిజంగా వెళ్లినట్టు. ఈత కొలనుల కోసం 1926లో గేజ్, బిడ్‌వెల్ చెప్పిన పలచబడే సూత్రం ఇదే. దాని ప్రకారం 99.99 శాతం నీరు వెళ్లాలంటే తొమ్మిదికి పైగా చుట్లు తిరగాలి. మన ఉదాహరణలో గంటకు 250 లీటర్లంటే గంటలో తిరిగేది ట్యాంకులో 63 శాతమంత నీరే. గుల్లలోంచి ఇప్పుడే బయటపడిన థెరాంట్లలో మొదటి గంట తర్వాత సగానికి పైగా, రెండు గంటల తర్వాత పావు వంతుకు పైగా ఇంకా దీపం ముఖం చూడలేదు. వేగం పెంచితే అన్నీ త్వరగా దీపం దాటుతాయి, దెబ్బ చాలక కొన్ని బతికి బయటపడతాయి. వేగం తగ్గిస్తే దాటినవి చస్తాయి, దాటనివి చేపను పడతాయి. రెండూ కావాలంటే ట్యాంకుకు మించిన పెద్ద స్టెరిలైజర్ కొనాలి.

నీరు బాగా కలిసిపోతుందని అనుకుంటేనే ఈ లెక్క. నిజానికి పరిస్థితి దీనికన్నా కష్టం. గుల్లలు ఎక్కువగా తెల్లవారుజామున 2 నుంచి ఉదయం 9 గంటల మధ్య పగులుతాయని 1994లో యోషినాగా, డికర్సన్ చూపించారు. చేపలు రాళ్ల సందుల్లో కదలకుండా నిద్రపోయే సమయం అందులో ఉంది. ముందు రాత్రుల్లో ట్రోఫాంట్లు రాలిందీ ఆ చుట్టుపక్కలే. పిల్లకూ చేపకూ మధ్య దూరం కొన్ని అంగుళాలు. పంపుకూ దానికీ మధ్య ట్యాంకంతా ఉంటుంది.

ఇక సంతానం లెక్క. ఒక చుక్క రాలితే 200 పిల్లలు పుట్టాయనుకుందాం. వాటిలో 20 శాతం చేపను పట్టాయనుకుంటే, ఒక్కో చక్రానికి రోగం 40 రెట్లవుతుంది. యూవీ చేపను పట్టబోయేవాటిలో 90 శాతాన్ని చంపిందనుకున్నా ఇంకా 4 రెట్లవుతుంది. పది చుక్కలు రెండు చక్రాల్లో 16,000 కావాల్సింది 160 దగ్గర ఆగాయి. తేడా చిన్నది కాదు. కానీ రోగం పెరుగుతూనే ఉంది, తగ్గలేదు. అది తగ్గుముఖం పట్టాలంటే 200లో ఒకటి కన్నా తక్కువ చేపను చేరాలి. ఒక్క దీపంతో అంత కట్టుదిట్టం దాదాపు అసాధ్యం.

మరి కొందరికి ఎందుకు పనిచేసింది?

యూవీతో చేపలు బతికాయన్నవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకు అలా అనిపించడానికి మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, తెల్ల చుక్కలు ఎలాగూ వారంలోపు రాలిపోతాయి. చుక్కలు కనిపించిన రోజు దీపం కొని బిగిస్తే, అవి మాయమైన ఘనత దీపానికి దక్కుతుంది. పక్కన దీపం లేని ట్యాంకు పెట్టి పోల్చినవాళ్లు ఎంతమంది?

రెండోది రోగనిరోధక శక్తి. క్రిప్టోకారియాన్ సోకి బతికిన చేపలకు కొంత రక్షణ వస్తుందని 1990లలో కలోర్నీ, బర్జెస్ లాంటివాళ్ల పనుల్లో తేలింది. రోగం 40 రెట్లు పెరగాల్సిన చోట 4 రెట్లే పెరిగితే, చేపకు తన రక్షణను కూడగట్టుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. ఇది యూవీ నిజంగా చేసే మేలు. అయితే అప్పుడు ట్యాంకు రోగరహితం కాలేదు, రోగంతో రాజీ కుదిరింది. కొత్త చేపను వదిలిన రోజునో, ఏసీ ఆగి నీటి వేడి మారిన రోజునో ఆ రాజీ చెడిపోతుంది.

మూడోది పగడాలు. పగడాలున్న ట్యాంకులో రాగి మందు వేయలేం, ఉప్పు తగ్గించలేం. మందు వేయలేని చోట దీపం ఒక్కటే చేతిలో మిగిలిన ఆయుధంలా కనిపిస్తుంది. దాని మీద ఆశ పెరగడానికి ఇదీ ఒక కారణం.

మిగతా రోగాల సంగతి

వెల్వెట్ రోగం తెచ్చే ఆమిలూడినియం క్రిప్టోకారియాన్ కన్నా త్వరగా చంపుతుంది. దాని ఒక్క గుల్ల నుంచి 256 దాకా ఈదే పిల్లలు వస్తాయి. సైజు చిన్నది, ఆయుష్షు మాత్రం ఎక్కువ; చేప దొరక్కపోయినా ఆరు రోజుల పైగా దాన్ని పట్టే సత్తా ఉంటుంది. నీటిలో ఎక్కువసేపు తిరిగేది కాబట్టి లెక్క ప్రకారం యూవీకి ఇది క్రిప్టోకారియాన్ కన్నా అనువైన లక్ష్యం. కానీ మొప్పలు మూసుకుపోయి చేప రెండు మూడు రోజుల్లో చనిపోయే రోగంలో దీపాన్ని నమ్ముకుని కూర్చోలేం. పైగా ఈ జీవి గాలిలో ఎగిరే నీటి తుంపర్లతోనూ పక్క ట్యాంకుకు చేరగలదని 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. గొట్టంలో దీపం పెట్టినా తుంపరకు అడ్డు లేదు.

బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి చేప ఒంటి మీదే రెండుగా చీలి పెరుగుతుంది. దీపానికి పని తక్కువ. నియోబెనెడెనియా లాంటి చదును పురుగుల గుడ్లు దారాలతో వలలకూ రాళ్లకూ చిక్కుకుంటాయి. పంపులోకి వచ్చేవి కొన్నే. యూరోనీమా అనే ఇంకో పరాన్నజీవి బ్యాక్టీరియాను తిని కూడా బతకగలదు. చేపలు లేకపోయినా ట్యాంకులోనే ఉంటుంది.

కొన్నవాళ్లు చూసుకోవాల్సినవి

దీపం నీలంగా వెలుగుతోందంటే చంపుతోందని అర్థం కాదు. కంటికి కనిపించే ఆ నీలం వేరు, సూక్ష్మజీవులను చంపే కాంతి వేరు. ఎనిమిది తొమ్మిది వేల గంటలు, అంటే దాదాపు ఏడాది వాడాక బల్బు బలం బాగా తగ్గుతుంది, మార్చాల్సిందే. బల్బు చుట్టూ ఉన్న క్వార్ట్జ్ గొట్టం మీద ఉప్పు, సున్నం, నాచు పొర పేరుకుంటే కాంతి నీటికి చేరదు. నెలకోసారి విప్పి వెనిగర్‌తో తుడవాలి. నీరు పసుపురంగులో ఉంటే కాంతి దారిలోనే ఆగిపోతుంది. ముందు యాక్టివేటెడ్ కార్బన్‌తో నీటిని తేటపరచాలి. పెట్టె మీద రాసిన లీటర్ల సంఖ్య కొన్నిసార్లు పచ్చనీటిని తేటపరచడానికి ఇచ్చింది. ఆ వేగం దగ్గర మోతాదు ఎంతో, అది కొత్త బల్బుకా, ఏడాది పాత బల్బుకా అని అమ్మేవాణ్ణి అడగాలి.

క్లోరోక్విన్ లాంటి మందులు వేసేటప్పుడు యూవీ ఆపాలి; కాంతికి అవి విరిగిపోతాయి. రాళ్లకు, ఫిల్టర్‌కు అంటుకుని అమ్మోనియాను శుద్ధి చేసే మంచి బ్యాక్టీరియాకు దీని వల్ల ముప్పు లేదు; అవి నీటిలో తేలవు. దీపం వేడి నీటికి చేరుతుంది. హైదరాబాద్, విజయవాడ ఎండల్లో చిల్లర్ మీద ఆ భారమూ పడుతుంది. వెలుగుతున్న బల్బును ఎప్పుడూ నేరుగా చూడకూడదు, కళ్లకూ చర్మానికీ ప్రమాదం.

దీపం నిజంగా రాణించే చోటు

ఆంధ్ర తీరంలో రొయ్య పిల్లల హేచరీలకు వెళ్తే యూవీని సరైన చోట పెట్టడం చూడవచ్చు. సముద్రం నుంచి తోడిన నీటిని ఇసుక ఫిల్టర్, కార్ట్రిడ్జ్ ఫిల్టర్ దాటించి, చివర యూవీ కింద పంపి, అప్పుడు పిల్లల తొట్లకు వదులుతారు. నీరు ఒకేదారిన పోతుంది, ముందే వడకట్టింది కాబట్టి తేటగా ఉంటుంది, దీపం ఒకసారి చూసిన నీరు మళ్లీ రోగంతో తిరిగి రాదు. చాలా ట్యాంకులను ఒకే సంప్‌తో నడిపే షాపులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. అక్కడ ఒక ట్యాంకు రోగం ఇంకో ట్యాంకుకు పోకుండా ఆపడమే అసలు అవసరం. గ్రాట్జెక్ ప్రయోగం నిరూపించిందీ ఆ పనినే. పబ్లిక్ అక్వేరియంలు క్వారంటైన్, ఓజోన్, వడపోతలకు తోడుగా యూవీ పెట్టుకుంటాయి గానీ వాటి బదులుగా కాదు.

ఇంట్లో ఒక్క ట్యాంకు ఉన్నవాళ్లకు ఆ డబ్బుతో వేరే దారులున్నాయి. ఇజ్రాయెల్‌లోని ఐలాట్‌లో పనిచేసిన కలోర్నీ 1987లో ఒక పద్ధతి చూపించాడు. ప్రతి మూడు రోజులకోసారి చేపను శుభ్రం చేసి ఎండబెట్టి కొత్త నీరు నింపిన ట్యాంకుకు మారిస్తే, రాలిన గుల్లలు పగిలేలోపే చేప అక్కడ ఉండదు. పన్నెండు రోజుల్లో చక్రం తెగిపోతుంది. మందు లేదు, దీపం లేదు, రెండు చిన్న ట్యాంకులు చాలు. రాగి మందును టెస్ట్ కిట్‌తో కొలుస్తూ వాడొచ్చు. లవణీయతను వెయ్యికి 16 పాళ్ల లోపుకు దించి మూడు నాలుగు వారాలు ఉంచొచ్చు. ఇవన్నీ క్వారంటైన్ ట్యాంకులో చేసేవి. అప్పటికే రోగం సోకిన పెద్ద ట్యాంకులో పగడాలను ఉంచి, చేపలన్నిటినీ తీసి 72 రోజులకు పైగా ఖాళీగా వదిలేస్తే గుల్లల్లోంచి వచ్చిన పిల్లలు ఆకలితో చస్తాయి. యూవీ దీపం ఏడాదంతా వెలిగినా చేయలేని పని అది.

కాబట్టి తీర్పు ఇది. ఎక్కువ ట్యాంకులకు ఒకే నీరు తిరిగే చోట, బయటి నీరు లోపలికి వచ్చే చోట యూవీ స్టెరిలైజర్ పెట్టి తీరాలి. ఒకే ట్యాంకులో అది రోగం వేగాన్ని తగ్గించే సహాయకారి మాత్రమే. తగిన మోతాదు, తగిన ప్రవాహం రెండూ ఉంటేనే ఆ సాయమైనా చేస్తుంది. చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే ముందు క్వారంటైన్ ట్యాంకు కొనండి. ఆ తర్వాత మిగిలితే దీపం గురించి ఆలోచించండి.